పిల్లల కోసం వేసిన రోము చరిత్రలో తప్పులను సరిదిద్దండి

ప్రచురణ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ సంస్థ అచ్చువేసిన ప్రాచీన రోము బొమ్మల పుస్తకంలోను, దానితో ఇచ్చిన గోడపటంలోను ఉన్న తప్పులపై ఫిర్యాదు.

అయ్యా,

మా ఊరి గ్రంథాలయంలోని పిల్లల విభాగానికి నాలుగు నెలల కిందట మీ దగ్గర ఆరు ప్రతులు, ఒక గోడపటం కొన్నాం. ఆ డబ్బు ఊళ్ళోవాళ్ళు తలా కొంత వేసుకుని ఇచ్చింది. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ఆదివారాలు ఆ పిల్లల దగ్గర కూర్చుంటాను. ఒక ఆదివారం ఎనిమిదో తరగతి అమ్మాయి మీ పుస్తకం 14వ పుట తెరిచి తెచ్చి, "సార్, పైన సీజర్‌ను చక్రవర్తి అన్నారు. కింద కాన్సల్‌గా ఎన్నికయ్యాడు అన్నారు. చక్రవర్తికి ఎన్నికలెందుకు?" అని అడిగింది. ఆ పిల్లకు వచ్చిన అనుమానం మీ సంపాదకులలో ఒక్కరికీ రాలేదే అని బాధ కలిగింది. ఆ సాయంత్రమే పెన్సిలు పట్టుకుని పుస్తకాన్ని మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను.

జూలియస్ సీజర్ ఎన్నడూ రోము చక్రవర్తి కాదు. రోమన్లు తమ చివరి రాజును వెళ్ళగొట్టింది క్రీ.పూ. 509లో అని సంప్రదాయం చెబుతుంది. ఆ తరువాత దాదాపు అయిదు శతాబ్దాలు అక్కడ నడిచింది గణతంత్రం. పాలన నడపడానికి ఏటా ఇద్దరు కాన్సల్‌లను ఎన్నుకునేవారు. ఒకరి నిర్ణయాన్ని రెండోవారు ఆపగలిగేవారు. పెద్ద ఆపద వస్తే ఒక్కరికే అధికారమంతా అప్పగించి డిక్టేటర్‌ను నియమించేవారు, అదీ ఆరు నెలలకు మించకుండా. సీజర్ క్రీ.పూ. 59లో కాన్సల్ అయ్యాడు, నేటి ఫ్రాన్స్ ప్రాంతమైన గాల్ దేశాన్ని జయించాడు, 49లో సైన్యంతో ఇటలీ సరిహద్దులోని రూబికాన్ నది దాటి అంతర్యుద్ధానికి దిగాడు. 44లో జీవితకాలపు డిక్టేటర్ అయ్యాడు. ఆరు నెలల గడువు బతికున్నంత కాలంగా మారడమే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. ఆ ఏడాది మార్చి 15న రోము పెద్దల సభ అయిన సెనేట్ సభ్యులే ఆయనను పొడిచి చంపారు. మొదటి చక్రవర్తిగా చరిత్ర లెక్కించే అగస్టస్‌కు "అగస్టస్" అనే బిరుదు వచ్చింది క్రీ.పూ. 27లో. ఆయన కూడా రాజు అనే మాటను దగ్గరికి రానివ్వలేదు. సెనేట్‌ను, కాన్సల్ పదవులను పైకి అలాగే ఉంచి, సైన్యాన్ని, ముఖ్యమైన రాష్ట్రాలను తన చేతిలో పెట్టుకున్నాడు.

మీ పుస్తకంలో గణతంత్రం అనే మాటే లేదు. రోము పుట్టిన నాటినుంచి అంతా "చక్రవర్తుల పాలన" అనే ఒకే అధ్యాయంలో పడిపోయింది. ఒక జాతి తన పాలకులను తానే ఎన్నుకుని, వాళ్ళ అధికారానికి హద్దులు పెట్టి, చివరికి ఆ హద్దులను ఎలా పోగొట్టుకుందో పిల్లలకు తెలియకపోతే రోము గురించి వాళ్ళకు తెలిసేది ఏముంటుంది? కోటలు, కత్తులు, రథాలు తప్ప?

21వ పుటలోని మెట్ల బొమ్మ నన్ను మరింత బాధించింది. పై మెట్టు మీద ధనికులైన పేట్రీషియన్లు, నడిమి మెట్టు మీద పేదలైన ప్లెబియన్లు, అడుగున బానిసలు. పేట్రీషియన్లంటే పాత పెద్ద వంశాలవారు, ప్లెబియన్లంటే మిగిలిన పౌరులు. ఇవి పుట్టుకతో వచ్చే విభాగాలు. డబ్బుతో వచ్చినవి కావు. రోములో అత్యంత ధనవంతుడిగా పేరుపడ్డ క్రాసస్ ప్లెబియన్. సేనాని పాంపే ప్లెబియన్. వక్త సిసెరో ప్లెబియన్. పేట్రీషియన్ వంశంలో పుట్టిన సీజరేమో యౌవనంలో అప్పుల్లో మునిగి ఉన్నాడు. మీ మెట్ల మీద వీళ్ళను ఎక్కడ నిలబెడతారు?

పుట్టుక వల్ల వచ్చిన ఆ అడ్డుగోడను ప్లెబియన్లు ఎలా కూల్చారన్నది పిల్లలకు చెప్పవలసిన అసలు కథ. క్రీ.పూ. 494లో వాళ్ళు నగరం వదిలి దగ్గరలోని కొండ మీదికి వెళ్ళి కూర్చున్నారని రోమన్ చరిత్రకారులు రాశారు. యుద్ధం వస్తే పోరాడేది వాళ్ళే కాబట్టి పేట్రీషియన్లు దిగివచ్చారు. అలా పుట్టింది ట్రిబ్యూన్ పదవి. ప్లెబియన్ల తరఫున నిలబడే ఈ ట్రిబ్యూన్ మీద చేయి వేయడం మహాపరాధం. ఆయన లేచి అడ్డు చెబితే కాన్సల్ ఆజ్ఞ కూడా ఆగిపోవలసిందే. మనం నేడు వాడే వీటో అనే మాటకు లాటిన్‌లో "నేను అడ్డుకుంటున్నాను" అని అర్థం. క్రీ.పూ. 451, 450 ప్రాంతంలో చట్టాలను పన్నెండు ఫలకాల మీద రాసి అందరికీ కనిపించేలా పెట్టారు. అంతవరకు చట్టం ఏమిటో చెప్పడం పెద్ద వంశాలవారి చేతిలోనే ఉండేది. 445లో రెండు వర్గాల మధ్య పెళ్ళిళ్ళకు అనుమతి వచ్చింది. 367లో కాన్సల్ పదవికి దారి తెరుచుకుంది. 287 నాటికి ప్లెబియన్ల సభ చేసిన తీర్మానం రోమన్లందరికీ చట్టమైంది. రెండు వందల ఏళ్ళకు పైగా సాగిన పోరాటం ఇది. మీరు దాన్ని మూడు మెట్ల బొమ్మ చేసి వదిలేశారు.

ధనిక పేద తేడా చూపాలనుకుంటే దానికి సరైన చోటు వేరే ఉంది. కాన్సల్‌లను ఎన్నుకునే సభలో పౌరులు ఆస్తినిబట్టి 193 బృందాలుగా ఓటు వేసేవారు. ఒక్కో బృందానికి ఒక్కో ఓటు. చరిత్రకారుడు లివీ వివరించిన పద్ధతిలో అశ్విక వర్గానికి, మొదటి ఆస్తి తరగతికి కలిపి 98 బృందాలు. వాళ్ళంతా ఒక్క మాట మీద ఉంటే పేదవాడి వంతు రాకముందే లెక్క తేలిపోయేది. ఈ ఒక్క విషయం చెప్పి ఉంటే రోము ఎన్నికలను నేటి ప్రజాస్వామ్యంతో పోల్చి చూడడం పిల్లలే నేర్చుకునేవారు.

ఇక 23వ పుటలోని బానిసలు. నవ్వు ముఖాలతో ద్రాక్షసారా పోస్తున్నట్టు వేశారు. కింద "బానిస సంతానం తరతరాలూ బానిసలే" అని రాశారు. బొమ్మా అబద్ధమే, రాతా అబద్ధమే. గనుల్లోను, పెద్ద భూస్వాముల పొలాల్లోను వాళ్ళు పడ్డ బాధ ఆ నవ్వుల్లో ఎక్కడుంది? క్రీ.పూ. 73లో స్పార్టకస్ అనే బానిస నాయకత్వాన మొదలైన తిరుగుబాటును 71లో అణచివేశాక, పట్టుబడిన ఆరు వేల మందిని దక్షిణాన ఉన్న కాపువా పట్టణం నుంచి రోము దాకా దారి పొడవునా శిలువ వేశారు. మరోపక్క, రోమన్ పౌరుడు చట్ట ప్రకారం విడుదల చేసిన బానిస తానూ పౌరుడయ్యేవాడు. కవి హొరేస్ తండ్రి అలా విడుదలైన బానిసే. ఇంత క్రూరత్వం, ఇంత వెసులుబాటు ఒకే సమాజంలో పక్కపక్కన ఉన్నాయని పిల్లలకు చెప్పవచ్చు. పిల్లలు అర్థం చేసుకుంటారు.

గోడపటం సంగతి. "సీజర్ నాటి రోమన్ సామ్రాజ్యం" అని పేరు పెట్టి, క్రీ.శ. 117లో చక్రవర్తి ట్రేజన్ చనిపోయేనాటి హద్దులు వేశారు. సీజర్ బ్రిటన్‌కు రెండుసార్లు వెళ్ళి వచ్చాడే గాని అది రోము చేతికి రావడం మొదలైంది క్రీ.శ. 43లో. డాన్యూబ్ నది అవతలి డాసియా (నేటి రొమేనియా ప్రాంతం) 106లో కలిసింది. రోము నగరాన్ని సముద్రపు ఒడ్డున పెట్టారు. అది టైబర్ నది మీద, సముద్రానికి పాతిక కిలోమీటర్ల లోపలికి ఉంది. నది మధ్య లంక ఉన్నచోట దాటడం సులువు కావడం, చుట్టూ కొండలు ఉండడం ఆ ఊరి పుట్టుకకే కారణాలు. నదీముఖం దగ్గరి రేవు ఆస్టియా మీ పటంలో లేనే లేదు.

భారతదేశంతో వర్తకం చూపే గీత పడమటి తీరంలో ఆగిపోయింది. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్ తూర్పు తీరంలోని మసాలియాను పేర్కొని, అక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా తయారవుతాయని చెప్పింది. అది మన కృష్ణా తీర ప్రాంతమని పండితులు గుర్తించారు. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. తెలుగు పిల్లల కోసం తెలుగులో వేసిన పటంలో ఆ చోటు ఖాళీగా ఉండడం నాకు కష్టంగా తోచింది.

ఈ సంగతులు చెప్పడానికి మీ కార్యాలయానికి ఫోను చేశాను. "పిల్లల పుస్తకమే కదండీ, అంత లోతుగా ఎవరు చూస్తారు" అన్నారు. పెద్దవాళ్ళు ఒక పుస్తకంలో తప్పు చదివితే ఇంకో పుస్తకంతో సరిచూసుకుంటారు. మా పిల్లలకు రోము మీద ఉన్నది ఈ ఒక్క పుస్తకమే. ఫోను తరువాత రాసిన ఉత్తరానికి నేటికీ జవాబు లేదు.

మిగిలిన ప్రతులను సరిదిద్దేవరకు అమ్మకండి. తప్పొప్పుల పట్టిక అచ్చువేసి ఇప్పటికే కొన్న పాఠశాలలకు, గ్రంథాలయాలకు పంపండి. మాకు సవరించిన ప్రతులు, కొత్త పటం ఉచితంగా ఇవ్వండి. అది కుదరకపోతే డబ్బు వాపసు చేయండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. సవరణకు సాయం కావాలంటే ఏ ప్రతిఫలమూ లేకుండా నేనే కూర్చుని చేసిపెడతాను.

నేను పెన్సిలుతో గుర్తులు పెట్టిన ప్రతిని ఈ లేఖతో పంపుతున్నాను. 14వ పుటలో అంచున ఉన్న ప్రశ్న ఆ అమ్మాయి చేతిరాత. దానికి జవాబు మీ తరువాతి ముద్రణలో కనిపించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు