మా చేపల తొట్టికి సంపు ఫిల్టర్ కట్టించిన వాళ్ళందరికీ థాంక్స్

మా రెండడుగుల చేపల తొట్టికి ఇంట్లోనే చేసుకున్న సంపు ఫిల్టర్ నడుస్తోంది. నీళ్ళు తేటగా ఉన్నాయి, గోల్డ్‌ఫిష్‌లు హుషారుగా ఉన్నాయి, కరెంటు పోయి వచ్చినా హాల్లో నేల పొడిగా ఉంటోంది. ఇందులో నా గొప్ప తక్కువ, సాయం చేసినవాళ్ళది ఎక్కువ. పేర్లు వేయొద్దని అందరూ అన్నారు కాబట్టి వేయడం లేదు. మా విశాఖ శ్రీహరిపురంలో చదివేవాళ్ళకు ఎవరెవరో ఎలాగూ తెలిసిపోతుంది.

ఈ ఫిల్టర్ సంగతి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. పై తొట్టి అంచు దగ్గర ఒక బెజ్జం ఉంటుంది. నీళ్ళు అందులోంచి పైపు గుండా కింద స్టాండులో ఉన్న ఇంకో చిన్న గాజు తొట్టిలోకి దిగుతాయి. అదే సంపు. అందులో మూడు గదులు. మొదటి దాంట్లో స్పాంజి చెత్తని పట్టుకుంటుంది. రెండో దాంట్లో లావా రాళ్ళు, సిరామిక్ రింగులు. మూడో గదిలో పంపు ఆ నీళ్ళని మళ్ళీ పైకి ఎక్కిస్తుంది. ఖరీదైన ఫిల్టర్ కొనకుండా అంతకంటే పెద్ద ఫిల్టర్ దొరుకుతుంది. పైగా వైర్లు, పంపు, చెత్త అన్నీ స్టాండు తలుపు వెనకే ఉంటాయి.

ముందుగా షిప్‌యార్డులో పైప్ ఫిట్టర్‌గా చేసి రిటైరైన మా వీధి బాబాయి గారికి. నేను కాగితం మీద గీసిన బొమ్మ పట్టుకుని ఏ సైజు పైపు కొనాలని అడగడానికి వెళ్ళాను. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్ళు ఎలా తిరుగుతాయో తరవాత సూద్దాం అమ్మా. కరెంటు పోతే ఎటు పోతాయో అది సెప్పు ముందు" అన్నారు. పైపు సైజు సంగతి ఆ పూట ఇక రాలేదు.

పంపు ఆగితే పైకి నీళ్ళు ఎక్కించే పైపే వెనక్కి నీళ్ళు లాగడం మొదలుపెడుతుంది. ఆ పైపు మూతి పై తొట్టిలో ఎంత లోతులో ఉంటే అంతవరకూ నీళ్ళు కిందికి దిగిపోతాయి. వీడియోల్లో చాలామంది అందం కోసం దాన్ని అడుగుదాకా దించుతారు. బాబాయి గారు నా చేత లెక్క కట్టించారు. మా తొట్టి పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12. అంటే ఒక్క అంగుళం మట్టం తగ్గితే దాదాపు 5 లీటర్లు దిగినట్టు. మూతి ఎనిమిది అంగుళాల లోతులో ఉంటే 38 లీటర్లు. సంపు మొత్తం 18×10×12 అంగుళాలు, నిండా పోసినా 35 లీటర్లే పడుతుంది. మిగతాది ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు, మాది పై వాటా.

అందుకని పైపు మూతిని నీటి మట్టానికి ఒక్క అంగుళం కిందనే ఆపారు. మట్టం దగ్గరే పైపుకి చిన్న బెజ్జం కూడా పెట్టించారు. నీళ్ళు కాస్త తగ్గగానే ఆ బెజ్జం గాలి పీల్చుకుంటుంది, వెనక్కి లాగడం అక్కడితో ఆగిపోతుంది. నాచు పట్టి బెజ్జం మూసుకుపోయినా దిగేది 5 లీటర్లే. సంపులో అడ్డుపలకలు 8 అంగుళాల ఎత్తు, వాటి పైన నాలుగంగుళాలు ఖాళీ. అంటే ఇంకో 12 లీటర్లు పడుతుంది. నీళ్ళని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెడితే ఇంత లెక్క ఎందుకని అడిగాను. "దాంట్లో పాచి ఇరుక్కుంటే అది మూసుకోదు. మూసుకోలేదని నీకు ఎవడు సెప్తాడు?" అన్నారు. నాకైతే ఈ మాట నీళ్ళ పైపుల దగ్గరే ఆగలేదు, మా ఆఫీసులో చాలా పనులకి పనికొచ్చేలా ఉంది.

రెండో డ్రెయిను పెట్టించిందీ ఆయనే. ఒక అంగుళం పైపు కిందికి, అర అంగుళం పైపు పైకి. దించే దారి ఎప్పుడూ ఎక్కించే దారికంటే పెద్దదిగా ఉండాలట. దాంతో ఆగకుండా, మొదటి బెజ్జానికి కాస్త ఎత్తులో ఇంకో అంగుళం బెజ్జం. మామూలుగా అందులోకి చుక్క నీరు పోదు. మొదటిదానికి ఆకో నత్తో అడ్డం పడిన రోజున పని చేయడానికి అది. డబ్బు దండగ అని మావారు అన్నారు. బిగించాక మొదటి పైపుకి కావాలని గుడ్డ కుక్కి చూపించారు బాబాయి గారు. మట్టం కాస్త పెరిగింది, రెండోది గళగళమంటూ అందుకుంది. మావారు ఆ తరవాత దండగ మాట ఎత్తలేదు.

గాజువాకలో అద్దాలు కోసే అన్నయ్యకి కూడా పెద్ద థాంక్స్. మా తొట్టికి బెజ్జం వేయమంటే ముందు అద్దం ఏ రకమో చూశాడు. "ఏటి మేడమ్, టఫెన్డ్ అయితే బిట్టు ఆనగానే పిండైపోద్ది, నా మీద పడతారు మీరు" అన్నాడు. మాది అలా గట్టిపరచని మామూలు అద్దంతో స్థానికంగా అతికించిన తొట్టి కాబట్టి సరిపోయింది. డైమండ్ బిట్టుతో, పైనుంచి నీళ్ళు పోస్తూనే, అస్సలు నొక్కకుండా, నింపాదిగా వేశాడు. అంచుకి మరీ దగ్గరగా వేస్తే చీలిక వస్తుందని చోటు కూడా తనే మార్చాడు. సిలికాన్ విషయంలో అతను చెప్పింది అందరికీ పనికొస్తుంది. బాత్‌రూముల కోసం ఫంగస్ మందు కలిపి అమ్మేది చేపలకి విషం, ఏమీ కలపని మామూలు సిలికానే కొనాలి. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్ళు పోయకూడదు. అది గాలిలో తేమతోనే గట్టిపడుతుందట. మన ఊరి ఉక్కపోత ఒక పనికైనా ఉపయోగపడింది.

పంపు పెట్టె మీద గంటకి 1000 లీటర్లని ఉంది. అది సున్నా ఎత్తు మాట. మూడడుగులు ఎక్కించాక 5 లీటర్ల డబ్బా నిండడానికి అర నిమిషం పట్టింది, అంటే గంటకి 600. మా తొట్టిలో ఉన్న నీళ్ళు సుమారు 60 లీటర్లు. గంటకి పదిసార్లు తిరగడం గోల్డ్‌ఫిష్‌లకి చక్కగా సరిపోతుంది, అవి తినేదీ ఎక్కువ, పాడు చేసేదీ ఎక్కువ.

ఎలక్ట్రీషియన్ తమ్ముడు వచ్చింది ఒక్క ప్లగ్గు పాయింటు కోసం. పంపు వైరుని సాకెట్ కంటే కిందికి వేలాడేలా వంపు తిప్పి పెట్టాడు. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్‌లోకి పోదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారని కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ కూడా పెట్టమన్నాడు, పెట్టించాం.

ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ చదివే పక్కింటి అమ్మాయికి నా తరఫున, నా చేపల తరఫున కూడా. తొట్టి ఖాళీ చేసేటప్పుడు పాత ఫిల్టర్ స్పాంజిని నేను కుళాయి కింద పెట్టి కడిగేయకుండా ముందే ఫోన్ చేసి చెప్పింది. చేపలు వదిలే అమ్మోనియాని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అవి ఆ స్పాంజిలోనే కాపురం ఉంటాయి, కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాటిని చంపేస్తుంది. అందుకని పాత నీళ్ళలోనే స్పాంజిని ఉంచి, అలాగే కొత్త సంపులో పెట్టాం. లేదంటే కొత్త రాళ్ళ మీద ఆ బాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. తన టెస్ట్ కిట్ నా దగ్గర వదిలేసి వెళ్ళింది. అమ్మోనియా సున్నా చూపించేదాకా మేత సగానికి తగ్గించమంది.

హుద్‌హుద్ తుఫాను సంగతి మళ్ళీ బాబాయి గారే ఎత్తారు. 2014 అక్టోబరులో రోజుల తరబడి కరెంటు లేదు కదా, అప్పుడు ఈ రాళ్ళ గతేంటి అని. దానికి ఆ అమ్మాయి దగ్గర జవాబు ఉంది. కదలని నీళ్ళలో ప్రాణవాయువు అయిపోయి బాక్టీరియా చచ్చిపోతాయి. అందుకని కరెంటు చాలాసేపు రాదనిపిస్తే రాళ్ళని వల సంచితో సహా బయటికి తీసి, తడి ఆరకుండా గాలి తగిలేలా పెట్టాలి. చేపల కోసం బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. అది కొన్నాను. తుఫాను సీజనుకి ముందు బ్యాటరీలు మార్చాలని క్యాలెండరు మీద రాసుకున్నాను కూడా.

కింద వాటా అత్తయ్య గారికి వేరుగా చెప్పాలి. మొదట్లో డ్రెయిను పైపు రాత్రంతా గుటకలు వేసేది. ఆవిడ ఒక్క మాట అనలేదు, బాబాయి గారితో మాత్రం అన్నారు. ఆయన వచ్చి పైపు తలకి T ఆకారం జాయింటు బిగించి, దాని మూతకి చిన్న గాలి బెజ్జం పెట్టారు. ఇప్పుడు చప్పుడు ఫ్యానంత కూడా లేదు.

బాబాయి గారు డబ్బులు తీసుకోలేదు. చక్కెర లేని టీ మాత్రం తాగారు, అదీ పిన్ని గారికి చెప్పనని మాట తీసుకున్నాక, ఒక బిస్కెట్‌తో. ఇంక మిగిలిన సరుకు: అంగుళం పీవీసీ పైపు మూడడుగులు, రెండు ఎల్బోలు, సగం సంచీ లావా రాళ్ళు, విప్పిన సిలికాన్ ట్యూబు ఒకటి. ఆ ట్యూబు త్వరలో గట్టిపడిపోతుంది. ఎవరికైనా కావాలంటే సాయంత్రం ఆరు దాటాక వచ్చి తీసుకెళ్ళండి.