“పెంచారు” అని రాయడానికి ఏం అడ్డొస్తోంది?

సంపాదకులు గారికి నమస్కారం.

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఉంటాం. పిల్లలకు తెలుగు అక్షరాలు మర్చిపోకుండా ఉండాలని మీ పేపర్ వేయించుకుంటున్నాం. నాయకులు మాటలు మార్చి చెప్పడం గురించి నాయకులకే రాసి లాభం లేదు కాబట్టి మీకు రాస్తున్నాను. వాళ్లు ఎలాగూ తమకు పనికొచ్చే మాటే వాడతారు, దాన్ని పేపర్లు కూడా ఎత్తి హెడ్డింగులో పెట్టేయడం మీదే నా కోపమంతా.

2025 ఫిబ్రవరిలో మా మెట్రో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుంచి 90కి పోయింది. అంతకు నెల ముందే బీఎంటీసీ బస్సు చార్జీలు 15 శాతం పెరిగాయి. అధికారుల లెక్కలో రెండూ “సవరణ”లే. సవరణ అంటే పెరిగిందో తగ్గిందో కూడా తెలియదు, రోజూ వైట్‌ఫీల్డ్‌కి పోయి వచ్చేవాడికి మాత్రం కార్డు రీచార్జ్ చేసేటప్పుడు బాగా తెలుస్తుంది. పెంచారు అని ఒక్క మాట రాస్తే సరిపోయేదానికి ఇంత మొహమాటం ఎందుకండీ?

మా అమ్మావాళ్లు హిందూపురంలో ఉంటారు. అక్కడ కరెంటు బిల్లులో “ట్రూ అప్”, “ఇంధన సర్దుబాటు” అని లైన్లు కనిపిస్తాయి. కరెంటు కొనడానికి డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ చేసే కంపెనీలకు, అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయితే, ఎప్పుడో వాడేసి బిల్లు కట్టేసిన యూనిట్ల మీద ఇప్పుడు మళ్లీ వసూలు చేయడం, విషయం ఇంతే. ఇందులో నాకు బాగా గుర్తున్నది పార్టీల తీరు. 2022లో ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం “బాదుడే బాదుడు” అని ఊరూరా తిరిగింది. 2024లో ప్రభుత్వం మారింది, సర్దుబాటు చార్జీలు మళ్లీ పడ్డాయి, ఆ డిసెంబర్లో వైసీపీ పోరుబాట అని రోడ్డెక్కింది. కుర్చీలో ఉంటే సర్దుబాటు, దిగితే బాదుడు. బిల్లు కట్టేది మాత్రం మా అమ్మే. పేపర్ ఏదైనా ఒక మాట పట్టుకుని, ఏ ప్రభుత్వం ఉన్నా అదే రాస్తే ఎంత బాగుండేది! ఇష్టమైన పార్టీ అధికారంలో ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి రాస్తుంటే పాఠకుడు ఎవర్ని నమ్మాలి?

డబ్బుల సంగతి పోనీ, ప్రాణాలు పోయినప్పుడు కూడా ఇదే వరస. 2025 జూన్ 4న ఆర్‌సీబీ ఐపీఎల్ గెలిచిన సంబరాలప్పుడు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఇలాంటివి జరిగితే మన దగ్గర వచ్చే హెడ్డింగు “విజయోత్సవంలో అపశ్రుతి”. పాటలో శ్రుతి తప్పితే అనాల్సిన మాటని పిల్లలు ఊపిరాడక చనిపోయినప్పుడు ఎలా రాస్తారో నాకు అర్థం కాదు. స్టేడియంలో పట్టేది 35 వేల మంది, వచ్చింది రెండు మూడు లక్షలు అని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే చెప్పారు. అంతమందిని పిలిచిందెవరు, గేట్ల దగ్గర ఎంతమంది పోలీసుల్ని పెట్టారు, ఏ గేటు ఎప్పుడు తెరిచారు అనేవి హెడ్డింగులో రావాల్సిన ప్రశ్నలు. అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. అప్పుడూ “భక్తులు పోటెత్తడంతో” అనే వాక్యమే. ఆ వాక్యంలో తప్పంతా తోసుకున్నవాళ్ల మీదకు పోతుంది, ఏర్పాట్లు చేయాల్సినవాళ్లు ఎక్కడా కనబడరు. “చోటుచేసుకుంది” అని ముగిస్తే ఇక అడగడానికి ఎవరూ మిగలరు. “స్వల్ప లాఠీచార్జి” కూడా ఇలాంటిదే. తల పగిలినవాడికి అది స్వల్పమో కాదో పేపర్ ఎలా తేలుస్తుంది?

ఇవేమీ కొత్త విద్యలు కావు. 1937లో న్యూయార్క్‌లో కొందరు కలిసి ప్రచారాన్ని విశ్లేషించడానికి ఒక సంస్థ పెట్టి, జనాన్ని తమవైపు లాక్కోవడానికి వాడే ఎత్తుగడలు ఏడు అని జాబితా వేశారు. ముద్ర వేయడం, అందరూ ఇటే వస్తున్నారు మీరూ రండి అనడం, నేనూ మీలాంటివాణ్ణే అని చూపించుకోవడం, ఇలా. ఆ సంస్థ 1942లోనే మూతపడింది కానీ జాబితాకి మాత్రం పని తగ్గలేదు. ప్రశ్న అడిగితే పేటీఎం బ్యాచ్ (డబ్బులు తీసుకుని మాట్లాడేవాళ్లని), లేదా దేశద్రోహి, లేదా అర్బన్ నక్సల్, ఆ ముద్ర పడ్డాక అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పే పనే ఉండదు. సభకి వచ్చినవాళ్లని ఎవరూ లెక్కపెట్టకపోయినా ఫొటో కింద “జనసంద్రం” అని ఉంటుంది. ఎన్నికలప్పుడు అభ్యర్థి బండి దగ్గర దోసె వేసిన ఫొటో, ఇస్త్రీ పెట్టె పట్టుకున్న ఫొటో వేస్తారు కదా, దాని పక్కనే ఆయన అఫిడవిట్లో చూపించిన ఆస్తి కూడా రెండు లైన్లు వేయొచ్చు. అది ఎలాగూ ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఉంటుంది, వెతకడానికి పది నిమిషాలు పట్టదు.

పార్టీ మారినవాళ్ల గురించి కూడా చెప్పాలి. 1985లో వచ్చిన చట్టాన్ని అందరూ పిలిచేదే ఫిరాయింపుల నిరోధక చట్టం అని. మన పేపర్లలో మాత్రం ఫలానా ఎమ్మెల్యే ఫలానా పార్టీ తీర్థం పుచ్చుకున్నారు, సొంత గూటికి చేరారు అని వస్తుంది. నియోజకవర్గ అభివృద్ధి కోసమే వెళ్లాను అని ఆయన చెప్పుకుంటే కోట్స్‌లో పెట్టి వేయండి, కాదనను. మీ సొంత వాక్యంలో మాత్రం ఫిరాయించారు అనే రాయండి.

2009 ఎన్నికల తర్వాత డబ్బిచ్చి వార్తలు వేయించుకోవడం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది, అందులో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి గారే. కాబట్టి ఈ జబ్బు సంగతి మీ వృత్తిలో వాళ్లకి నేను కొత్తగా చెప్పేది కాదు. నేనడిగేది చిన్న విషయం. ప్రభుత్వమో పార్టీయో డబ్బులు కట్టి వేయించుకున్న ఫుల్ పేజీ అచ్చం వార్తలాగే ఉంటోంది, మూలన కంటికి ఆనని సైజులో “ప్రకటన” అని వేస్తున్నారు. ఆ మాటని పైనున్న హెడ్డింగు సైజులోనే వేయండి.

మీ పాఠకురాలు,
కె.ఆర్.పురం, బెంగళూరు