తనిఖీకి ఒకసారి రాత్రిపూట రండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నల్గొండ దగ్గర ఒక చిన్న వృద్ధాశ్రమంలో ఆరేళ్లుగా ఆయాగా పనిచేస్తున్నాను. మా దగ్గర 21 మంది ఉంటారు. పగలు ముగ్గురం, వంటామె వేరు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా మాత్రం ఒక్కరమే. ఆ ఒక్కరి గురించే ఈ ఉత్తరం.

మర్రిగూడ వైపు పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఫ్లోరైడ్ నీళ్లకు ఆయన మెడ, వెన్ను కట్టెలా బిగుసుకుపోయాయి. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి, సంతోషమే, కానీ బిగిసిన ఎముక మళ్లీ వదలదు కదా. మంచం మీదే ఉండేవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే పుండ్లు పడతాయి. వేరేవాళ్లనైతే ముందు భుజం, తర్వాత నడుము తిప్పుతాం. ఈయనను మనిషి మొత్తం ఒకేసారి తిప్పాలి. కింద దుప్పటి మడతేసి ఇద్దరం చెరో పక్క పట్టుకుంటే తేలిగ్గా తిరుగుతాడు. ఒక్కదాన్నే లాగితే తుంటి దగ్గర తోలు దుప్పటికి రాసుకుని లేస్తుంది. "మెల్లగ బిడ్డా" అంటాడు, అంతే.

పోయిన వానాకాలం ఒక రాత్రి ఆయనను సగం తిప్పి పట్టుకున్నప్పుడే బాత్రూంలో దబ్బున చప్పుడైంది. రోజూ సాయంత్రం మూట కట్టుకుని దేవరకొండ బస్సు వచ్చిందా అని అడిగే అవ్వ. ఆయన వీపుకు దిండు అడ్డం పెట్టి ఉరికాను. అప్పటికే అవ్వకు తుంటి విరిగింది. తెల్లారినాక అందరూ నన్నడిగింది ఒకటే: "నువ్వెక్కడున్నావ్?"

మా సార్ చెడ్డవాడేం కాదు. ఇంకో మనిషిని పెడితే జీతం ఎక్కడి నుంచి తేవాలంటాడు. దాతలు పుట్టినరోజులకు అరటిపండ్లు తెస్తారు, ఫోటోలు దిగుతారు. డైపర్లు తెచ్చినవాళ్లను ఇంతవరకు చూడలేదు.

తల్లిదండ్రులు, వృద్ధుల కోసం 2007లో తెచ్చిన చట్టంలో 19వ సెక్షన్ జిల్లాకొక ఆశ్రమం గురించి, కనీసం 150 మందికి చోటు గురించి చెబుతుంది. ఆశ్రమాలు ఎలా నడవాలో, ఏ సేవలు ఉండాలో నిర్ణయించే వీలు కూడా రాష్ట్రానికి ఇచ్చింది. లేవలేనివాళ్లు ఉన్నచోట రాత్రి ఇద్దరు ఉండి తీరాలని అందులో రాయించాలి. మాలాంటి చిన్న ఆశ్రమాలకు ఆ రెండో మనిషి జీతంలో కొంతైనా ప్రభుత్వం ఇవ్వాలి. ఇవ్వకుండా రూల్ పెడితే ఆశ్రమమే మూతపడుతుంది, అదీ టెన్షనే.

పెద్దల హెల్ప్‌లైన్ 14567 కూడా పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకానే. నా డ్యూటీ మొదలయ్యేదే అప్పుడు. తనిఖీకి వచ్చే సార్లూ పగలు పదకొండుకు వస్తారు. అప్పటికి దుప్పట్లు ఉతికి ఆరేసి ఉంటాయి, అందరికీ స్నానాలై ఉంటాయి. అంతా బాగుందని రాసుకుని పోతారు. ఒక్కసారి రాత్రి రెండు గంటలకు రమ్మని మనవి. గేటు నేనే తీయాలి. ఆలస్యమైతే ఏమనుకోవద్దు, మంచం దగ్గర ఉండి ఉంటాను.

ఇట్లు,
ఒక ఆయా, నల్గొండ జిల్లా
(పేరు వేయవద్దని మనవి)