గంజాయి చట్టం మూటనే తూస్తుంది

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలో కౌలు రైతులు, కూలీలు ధర్నాకు కూర్చుంటే వినతిపత్రంలో ముందు కౌలు కార్డులు, ధాన్యం డబ్బులు, కూలి రేట్లు ఉంటాయి. ఆఖర్న ఎవరో ఒకరు మైకు అందుకుని, గంజాయి కేసుల్లో అసలు బెయిలే ఇవ్వకూడదంటారు. చప్పట్లన్నీ దానికే. ఊళ్లో కుర్రాళ్లు చేయి జారిపోతున్నారన్న తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. కానీ మత్తుమందులను అదుపు చేసే 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం ఎవరి మీద ఎలా పడుతుందో ఆ శిబిరంలో కూర్చున్నవారే ముందుగా తెలుసుకోవాలి. ఏజెన్సీ కొండల నుంచి దిగే బస్సుల్లో మూటతో పట్టుబడేది చాలాసార్లు అలాంటి ఇళ్ల పిల్లలే.

2001 సవరణతో శిక్ష సరుకు బరువును బట్టి మారేలా చేశారు. గంజాయి కిలో లోపయితే ఏడాది వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది దాటి 20 కిలోల వరకు పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు మించితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు. జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. నేరం రుజువైతే జడ్జికి జాలి కలిగినా పదేళ్లకంటే తగ్గించే వీల్లేదు. సరుకు కొన్నదెవరు, మోసినవాడి చేతిలో పడింది ఎంత అన్నది ఈ తూకంలోకి రాదు.

ఆ లక్ష కౌలు ఇంటికి ఎంతో లెక్క వేద్దాం. ఎకరాకు 35 బస్తాలు పండి 25 కౌలుకు పోయిందనుకుంటే మిగిలేవి 10. బస్తా 75 కిలోల చొప్పున ఏడున్నర క్వింటాళ్లు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు పూర్తిగా దక్కినా చేతికొచ్చేది 17,767 రూపాయలు. దమ్ము, ఊడ్పు, ఎరువు, కోత ఖర్చులన్నీ అందులోంచే. పైసా ఖర్చు లేదనుకున్నా లక్ష కట్టాలంటే ఆ ఎకరంలో ఆరు పంటలు కావాలి, అంటే మూడేళ్ల సార్వా, దాళ్వా. కట్టలేకపోతే కోర్టు చెప్పినంత అదనపు జైలు. సరుకు కొన్నవాడికి ఇదే లక్ష వ్యాపార ఖర్చు.

'బెయిలు తీసేయండి' అనేవారు సెక్షన్ 37 చదవాలి. 20 కిలోలు దాటిన కేసులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ వ్యతిరేకిస్తే, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికొచ్చి మళ్లీ నేరం చేయడనీ జడ్జికి తోస్తేనే బెయిలు. విచారణ మొదలవకముందే ఆ మాట అనిపించడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. చార్జిషీటుకు పోలీసులకు 180 రోజుల గడువు, ప్రాసిక్యూటర్ కారణాలు చూపితే మొత్తం ఏడాది దాకా పొడిగింపు. ఇంతకంటే బిగించడానికి మిగిలింది తక్కువ.

కుటుంబాలు పొరపాటు పడేది కూడా ఇక్కడే. గడువులోగా చార్జిషీటు పడకపోతే బెయిలు హక్కే, కానీ అడగాలి. 181వ రోజున అర్జీ పెట్టకుండా ఊరుకుని, ఈలోగా చార్జిషీటు పడితే ఆ హక్కు పోయినట్టే. సెక్షన్ 50 కింద గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా కోరే హక్కు ఒంటి మీద సోదాకే. చేతిలోని బ్యాగుకు వర్తించదని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. చాలామంది దీని మీదే ఆశ పెట్టుకుని అసలు చూడాల్సిన తూకాన్ని వదిలేస్తారు. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. కాడ, ఆకు, సంచితో కలిపి 21 కిలోలని రాస్తే, విడదీసి తూచారా లేదా అని పంచనామాలో వెతకాలి. ఈ తేడా మీదే బెయిలు వచ్చిన కేసులున్నాయి. సెక్షన్ 52ఏ ప్రకారం సరుకు జాబితాను, నమూనాలను మేజిస్ట్రేట్ ధ్రువీకరించారా అన్నదీ చూడాలి. వకీలుకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే చాలు.

అన్నిటికంటే బాధ కలిగించేది వాడకం మొదలుపెట్టిన పిల్లల సంగతి. పరువు పోతుందనో, పోలీసులకు తెలుస్తుందనో ఇంట్లో దాచేస్తారు. అలవాటుపడ్డవాడు తానుగా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చికిత్సకు వెళ్తే, వాడకం, కొద్ది పరిమాణం కేసుల్లో సెక్షన్ 64ఏ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ తీసేయవచ్చు. మానిన మొదటి రోజుల్లో నిద్ర పట్టదు, చిరాకు, కోపం పెరుగుతాయి. పెద్దవాళ్లు దాన్ని పొగరనుకుని కొట్టి ఇంట్లోంచి తరిమితే తిరిగి పాత స్నేహాల దగ్గరికే పోతాడు. సలహాకు 14446 హెల్ప్‌లైన్ ఉంది.

అందుకే సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే వినతిపత్రంలో ఆ చివరి డిమాండు మార్చండి. ఇదే చట్టంలోని 5ఏ అధ్యాయం మత్తు వ్యాపారంతో కూడబెట్టిన ఆస్తుల జప్తుకు దారి చూపుతోంది. మూట మోసినవాడి దగ్గర ఆగకుండా డబ్బు పంపినవాడి ఖాతాల దాకా వెళ్లమనండి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో మత్తు మాన్పించే చికిత్సకు (డీ-అడిక్షన్) పడకలు, కౌన్సెలర్ అడగండి. కౌలు కార్డుకు రాష్ట్ర 2019 చట్టం భూయజమాని సమ్మతి పెట్టింది. సంతకం రాక కార్డు లేదు, కార్డు లేక బ్యాంకు అప్పు లేదు. ఆ షరతు మార్చమన్న డిమాండును కాగితంలో పైన రాయండి. సభలు, ఊరేగింపులను అదుపు చేసే సెక్షన్ 30 పోలీసు యాక్టు అమల్లో ఉంటే చోటు, వేళ, వచ్చేవారి సంఖ్య రాసి ముందే అనుమతి కోరి, అర్జీ నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

– ఒక న్యాయవాది, అమలాపురం