కర్నూలు స్కానింగ్ సెంటర్‌లోని ఆ అమ్మాయికి

మా అవ్వ నడుముకు ఎమ్మారై తీసిన టెక్నీషియన్ అమ్మాయికి కృతజ్ఞతలు. సొరంగంలాంటి ఆ మిషన్‌ని చూడగానే అవ్వకు దడ పట్టుకుంది.

"అవ్వా, ఇది ఎక్స్‌రే కాదు, అయస్కాంతం. నొప్పుండదు, సప్పుడే ఎక్కువ" అని చెప్పి, గుండెలో పేస్‌మేకర్, మెదడు ఆపరేషన్‌లో పెట్టిన క్లిప్పు, ఒంట్లో రాడ్లు ఉన్నాయేమోనని ఒక్కొక్కటే అడిగింది. స్కాన్ జరగనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది, ఇనుప వస్తువుల్ని లాగేస్తుంది. అందుకే జడపిన్నులు, పుస్తెలతాడుకున్న పిన్నీసులు, కట్టుడు పళ్లు అన్నీ తీయించింది. మెట్టెలు మాత్రం బిగుసుకుపోయి రాలేదు. ఇంకొకరైతే విసుక్కునేవాళ్లే. ఈ అమ్మాయి సబ్బునీళ్లు తెచ్చి, కింద కూర్చుని, అవ్వ కాలు ఒళ్లో పెట్టుకుని, మెల్లగా తిప్పుతూ తనే తీసింది.

చెవుల్లో ప్లగ్గులు, మోకాళ్ల కింద దిండు, చేతిలో రబ్బరు బుడ్డ పెట్టి, "భయమైతే నొక్కు, ఆపేస్తా" అంది. అవ్వ దండం పెట్టుకున్నట్టు చేతులు కలిపితే విడదీసి పక్కన పెట్టింది. అలా చర్మం తగిలి ఉంటే, రేడియో తరంగాల వల్ల ఒంట్లో కరెంటు చుట్టు తిరిగి అక్కడ కాలే ప్రమాదం ఉంది.

ఈ స్కాన్‌లో బొమ్మల్ని కొన్ని నిమిషాలకొక వరుసగా తీస్తారు. మధ్యలో కదిలితే ఆ వరుస బొమ్మలన్నీ మసకబారతాయి, మళ్లీ తీయాలి. అందుకే ప్రతి వరుసకూ ముందే మైకులో "నాలుగు నిమిషాలు కదలొద్దవ్వా" అని, వరుసకూ వరుసకూ మధ్య "ఇప్పుడు దగ్గుకో" అని చెప్తూనే ఉంది. అవ్వ ఒక్కసారి కూడా బుడ్డ నొక్కలేదు.

తల్లీ, నీకు మా ఇంటిల్లిపాది దండాలు.