పూర్వ విద్యార్థుల సంఘం, కడప: 2025–26 వార్షిక నివేదిక

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

2006 మార్చి 9న ఏర్పడిన మన యోగి వేమన విశ్వవిద్యాలయానికి ఈ మార్చితో 20 ఏళ్లు నిండాయి. అందుకే ఈసారి నివేదికలో సంఘం పనులతో పాటు విశ్వవిద్యాలయం గురించి కూడా కొంచెం వివరంగా రాస్తున్నాను.

1977లో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ సెంటర్‌గా కడపలో మొదలైన చదువు ఇది. అంతకుముందు ఎం.ఏ. చదవాలన్నా, ఎమ్మెస్సీ చదవాలన్నా తిరుపతికో అనంతపురానికో పోవాల్సి వచ్చేది. ఆ ఖర్చుకు భయపడి డిగ్రీతోనే చదువు ఆపేసినవాళ్లు మన పెద్దల్లో చాలామంది ఉన్నారు. ఈరోజు వేమనపురం ప్రాంగణం, ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ కళాశాల, కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అన్నీ ఈ విశ్వవిద్యాలయానివే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు ఇక్కడ పీహెచ్‌డీలు చేస్తున్నారు. ర్యాంకులూ గ్రేడులూ అవసరమే. నా మటుకు మాత్రం ఈ 20 ఏళ్ల అసలు సాధన అదే.

మన మట్టి గురించి మన పిల్లలే చదవాలి, పరిశోధన చేయాలి అని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. ఈ ఏడాది పనులన్నీ దాని చుట్టూనే నడిచాయి.

అందులో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది భూగర్భశాస్త్రం విద్యార్థులతో చేసిన యాత్ర. ప్రపంచంలో రాళ్ల గురించి చదివేవాళ్లందరికీ ‘కడప బేసిన్’ (కోట్ల ఏళ్ల కిందట రాతి పొరలు పేరుకున్న మన ప్రాంతపు పల్లం) తెలుసు. వాళ్ల పుస్తకాల్లో రాతి పొరల పేర్లు చూస్తే గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, కంభం అని మన ఊళ్లే కనిపిస్తాయి. పాపాఘ్ని, చిత్రావతి నదుల పేర్లతో పెద్ద శిలా సముదాయాలే ఉన్నాయి. గువ్వలచెరువు అంటే పాలకోవా ఒక్కటే గుర్తొచ్చే మనకు, ఆ ఘాట్‌లో కనిపించే రాయికి ఇంత పేరుందని తెలియదు. వేంపల్లె సున్నపురాతిలో పొరలు పొరలుగా, గుండ్రంగా కనిపించే ఆకారాలు 180 కోట్ల ఏళ్లకు పైబడినవి. ఇక్కడ లోతులేని సముద్రం ఉన్నప్పుడు, కంటికి కనిపించని జీవులు వదిలిపోయిన గుర్తులవి. వాటిని చూపిస్తున్నప్పుడు, అదే మండలం నుంచి వచ్చిన ఒక అమ్మాయి, “సార్, ఇట్లాంటి రాళ్లు మా చేని గట్టు మీద ఉన్నాయి” అంది. ఆ అమ్మాయి ఇప్పుడు తన ప్రాజెక్టుకు ఆ చేనునే ఎంచుకుంది. బస్సు, భోజనాల ఖర్చు సంఘం భరించింది. ఇకమీదట ఏటా ఈ యాత్ర జరగాలని కార్యవర్గం తీర్మానించింది. మంగంపేట ముగ్గురాయి గనులకు కూడా తీసుకుపోవాలని విద్యార్థులు అడుగుతున్నారు.

చరిత్ర, తెలుగు విద్యార్థులతో ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లకు వెళ్లాం. ఆరో శతాబ్దంలో రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడు వేయించిన తొలి తెలుగు శాసనం అక్కడిది.

ఇక బ్రౌన్ కేంద్రం సంగతి. 1820లో కలెక్టరు సహాయకుడిగా కడపకు వచ్చిన బ్రౌన్, తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి తెలుగు గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించాడు. ఆ బంగళా శిథిలమైన చోట గ్రంథాలయం నిలబడాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగు చేశారు. 2006లో అది మన విశ్వవిద్యాలయంలో కలిసింది. వేమన పేరున్న విశ్వవిద్యాలయం చేతికే అది రావడం కంటే న్యాయమైన సంగతి ఇంకొకటి నాకు తోచదు.

సభ్యులకు ఒక విన్నపం. మీ ఊళ్లో, మీ అటక మీద తాళపత్రాల కట్టలు ఉంటే దయచేసి పూజ పేరుతో పసుపు, నీళ్లు చల్లకండి, ఏట్లో కలపకండి. తేమ, చెదలు తగలకుండా పొడి గుడ్డలో చుట్టి మాకు కబురు చేయండి. కేంద్రానికి చేర్చే పని మేం చూస్తాం.

బాధ పెట్టేవీ ఉన్నాయి. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి అధ్యాపకుల ఖాళీలు నిండడం లేదు. ఎంత మంచి ల్యాబ్ కట్టినా దగ్గరుండి నేర్పే మనిషి లేకపోతే పిల్లలకు ఒరిగేదేముంది? ఈ విషయంపై జిల్లా ప్రజాప్రతినిధులకు వినతిపత్రం ఇచ్చాం, జవాబు కోసం మళ్లీ కలుస్తాం. ఫీజు బకాయి ఉందని ఒక ప్రైవేటు కాలేజీ సర్టిఫికెట్లు ఆపేస్తే, పీజీలో చేరాల్సిన ఒక విద్యార్థి చాలా టెన్షన్ పడ్డాడు. సభ్యులు అప్పటికప్పుడు డబ్బు సర్ది అతని సీటు కాపాడారు. పేర్లు చెప్పొద్దని కోరినందువల్ల రాయడం లేదు. వారికి సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం.

ఇలాంటి అత్యవసరాల కోసం విడిగా ఒక నిధి పెట్టాలన్న ప్రతిపాదన ఈ సమావేశం ముందు ఉంచుతున్నాం. ఆడిట్ అయిన జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు. వార్షిక చందా బాకీ ఉన్నవారు భోజన విరామంలోపు చెల్లించి రసీదు తీసుకోగలరు.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున