తుపాకుల ఫొటోలు చూశాం, హెల్మెట్ లోపలి మనిషి సంగతేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో రష్యా స్పెషల్ పోలీసుల ట్రైనింగ్ మీద వచ్చిన ఫొటో కథనం చూశాను. ఫొటోలు బాగున్నాయి, అందులో సందేహం లేదు. పొగలోంచి షీల్డు పట్టుకుని దూసుకొచ్చేవాళ్లు, తాడు కట్టుకుని గోడ మీంచి దిగేవాళ్లు, ముఖమంతా మూసేసే హెల్మెట్లు. ఈ విషయం మీద చాలా ఏళ్లుగా ఆసక్తి ఉన్నవాణ్ణి కాబట్టి ఒక్కో ఫొటో దగ్గర పెట్టుకుని మరీ చూశాను. కానీ రెండు పేజీలూ చదివాక మనసుకి కష్టంగా అనిపించింది. ఏ తుపాకీ ఎంత వేగంగా పేలుతుందో రాశారు, ఏ చొక్కా ఏ తూటాని ఆపుతుందో రాశారు. అది వేసుకున్న మనిషి ఎవరి మీదికి వెళ్తాడు, ఆ హెల్మెట్‌లోంచి అతనికి ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది, తప్పు జరిగితే ఎవరికి జవాబు చెప్పాలి అన్నది ఒక్క ముక్క కూడా లేదు. నేను రాయాలనుకున్నది దాని గురించే.

ముందు ఒక సవరణ. మీరు అందర్నీ కలిపి 'రష్యా కమాండో పోలీసులు' అనేశారు. అల్ఫా అనేది పోలీసు దళమే కాదు, 1974లో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ పెట్టుకున్న దళం, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఎఫ్ఎస్‌బీ కింద ఉంది. పోలీసుల వైపు నుంచి వచ్చినవి రెండు. ఒకటి ఓమోన్, 1988లో, సోవియట్ యూనియన్‌లో జనం మళ్లీ వీధుల్లోకి రావడం మొదలైన రోజుల్లో, సభలు, ఊరేగింపులు, స్టేడియంలు చూసుకోవడానికి పుట్టింది. రెండోది సోబ్ర్, 1992లో, అప్పటి గ్యాంగుల మీదికి పంపడానికి. ఒకటి జనాన్ని అదుపు చేసే దళం, ఇంకొకటి తుపాకీ పట్టుకున్న నేరస్థుడి తలుపు పగలగొట్టే దళం. పనిలో ఇంత తేడా ఉంది కాబట్టే సామాన్లలోనూ తేడా ఉంది. 2016 ఏప్రిల్‌లో పుతిన్ ఈ రెండింటినీ అంతర్గత వ్యవహారాల శాఖ నుంచి తీసి రోస్‌గ్వార్దియా (నేషనల్ గార్డ్) అనే కొత్త సంస్థలో కలిపేశారు. దానికి అధిపతి విక్టర్ జోలొతోవ్, అంతకు ముందు చాలా ఏళ్లు పుతిన్ భద్రతా దళాన్ని నడిపిన మనిషి. ఆ సంస్థ మంత్రి కింద ఉండదు, నేరుగా అధ్యక్షుడి కిందే. మిగతావన్నీ ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని చదవాలి.

ఇక ఆయుధాలు. వాటి గురించి నాకూ చెప్పాలనే ఉంది, ఎందుకంటే ఒక్కో దాని వెనకా ఒక ఆలోచన ఉంది. మీ ఫొటోల్లో ఎక్కువ మంది చేతిలో ఉన్న పొట్టి తుపాకీ వీత్యాజ్. ఇజెవ్‌స్క్‌లో తయారవుతుంది, 9 మిల్లీమీటర్ల పిస్టల్ తూటా వాడుతుంది. దాని మీటలు, పట్టు అన్నీ కలాష్నికోవ్ మాదిరే ఉంటాయి, కాబట్టి సైన్యంలో ఏకే పట్టినవాడికి మళ్లీ మొదటి నుంచి నేర్పక్కర్లేదు. పైగా ఊళ్లో, అపార్ట్‌మెంట్లలో రైఫిల్ తూటా గోడలు దాటి పక్కింటివాణ్ణి తాకే ప్రమాదం ఉంది, పిస్టల్ తూటాతో ఆ భయం కాస్త తక్కువ. వాల్, వింతొరెజ్ అనే చప్పుడు తక్కువ రైఫిళ్లు ఇంకో రకం. మామూలు ఏకే-74 తూటా మూడున్నర గ్రాములు కూడా ఉండదు, సెకనుకి 900 మీటర్ల వేగంతో పోతుంది. వాల్ తూటా దాదాపు 16 గ్రాములు, వేగం మాత్రం సెకనుకి 300 మీటర్ల లోపే, అంటే ధ్వని వేగం దాటదు. అందుకే సైలెన్సర్‌తో పేలిస్తే చప్పుడు బాగా తగ్గిపోతుంది. బందీలున్న ఇంట్లోకి ఎక్కువ చప్పుడు కాకుండా వెళ్లాల్సినవాడికి అది కావాలి. అర్థమవుతుంది.

కేఎస్-23 అని ఇంకొకటి ఉంది, దాన్ని మీరు 'షాట్‌గన్' అని వదిలేశారు, నిజానికి ఆగి చూడాల్సింది దాని దగ్గరే. 23 మిల్లీమీటర్ల గొట్టం. విమానాల్ని కూల్చే తుపాకుల కోసం చేసిన గొట్టాల్లో నాణ్యత పరీక్షలో నిలవనివాటిని తీసుకుని ఈ పోలీసు తుపాకీ చేశారు. ఆ ఒక్క గొట్టంలోంచే బాష్పవాయువు గుండూ పోతుంది, రబ్బరు గుండూ పోతుంది, కారు ఇంజన్ని బద్దలు కొట్టి బండి ఆపేసే ఉక్కు గుండూ పోతుంది. అంటే ఎదురుగా ఉన్నది నినాదాలిచ్చే జనమా, పారిపోతున్న బండా అన్న తేడా తుపాకీలో లేదు, లోపల పెట్టే గుండులో ఉంది, దాన్ని ఏరి పెట్టే మనిషి బుర్రలో ఉంది. ట్రైనింగ్ అంటే అసలు ఆ బుర్రకి ఇవ్వాల్సింది కదా. గురి ఎంత బాగా నేర్పినా, ఆ క్షణంలో ఏ గుండు తియ్యాలో తెలియకపోతే ప్రయోజనం ఏముంది?

ముదురు ఎరుపు బెరెట్ పరీక్ష ఫొటో వేశారు, సంతోషం. 1980 మాస్కో ఒలింపిక్స్ కోసమని అంతర్గత సైన్యంలో పెట్టిన వీత్యాజ్ దళం (పైన చెప్పిన తుపాకీ కాదు, పేరొక్కటే) నుంచి వచ్చిన ఆనవాయితీ అది, నియమాలు 1993లో ఖరారు చేశారు, ఇప్పుడు రోస్‌గ్వార్దియా నడుపుతోంది. పది కిలోమీటర్లకు పైగా పూర్తి సామానుతో పరుగు, దారిలో బురద, నీళ్లు, పాకడం. ఆ పరుగు అవ్వగానే ఒక పని చేయిస్తారు, నాకు బాగా నచ్చేది అదే. ఒక్కొక్కడూ తుపాకీ ఆకాశం వైపు ఎత్తి ఒక బ్లాంక్ తూటా (గుండు లేనిది) పేల్చాలి. పేలితే ముందుకి. లోపల మట్టి చేరి టక్కుమని ఆగిపోతే అంతే, ఇంటికి. ఊపిరాడకుండా పరిగెత్తినా, కాళ్లు బొబ్బలెక్కినా, తుపాకీని కాపాడుకోనివాడు అక్కడితో అవుట్. చివర్లో 12 నిమిషాల ముష్టియుద్ధం, ఎదుటివాళ్లు మారుతుంటారు, ఇతను మాత్రం ఒక్కడే. చాలామంది మధ్యలోనే పడిపోతారు. ఇది గొప్ప పరీక్ష కాదని నేను అనను. కానీ ఏం కొలుస్తున్నారో చూడండి. ఓర్పు, మొండితనం, ఆయుధం మీద శ్రద్ధ, దెబ్బ తట్టుకోవడం. ఎదుటి మనిషి ముఖం చూసి చెయ్యి దించడం అన్నది ఈ పరీక్షలో ఎక్కడా లేదు.

హెల్మెట్ల దగ్గరికి వస్తాను. మాస్కా-1 ఉక్కుది, అల్తిన్ టైటానియంది, ముఖం మీద మందపాటి గాజు బిగించిన లోహపు పలక, మొత్తం కలిపి మూడు నాలుగు కిలోలు. తలుపు వెనకాల తుపాకీ ఉందని తెలిసినప్పుడు ఆ బరువు మొయ్యాల్సిందే. ర్యాలీల దగ్గర ఓమోన్ వాళ్లు పెట్టుకునేవి వీటికంటే తేలిక, గుండ్రంగా, ముందు పారదర్శకమైన పలకతో ఉంటాయి. అక్కడి జనం వాళ్లని 'కాస్మొనాట్లు' అంటారు. ఏ హెల్మెట్ అయినా చూపూ, వినికిడీ రెండూ తగ్గుతాయి. 2021 జనవరి 23న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రతిపక్ష నాయకుడు నవాల్నీ అరెస్టు మీద నిరసన జరిగినప్పుడు ఏమైందో మీ పాఠకుల్లో కొందరికైనా గుర్తుండాలి. ఒక కుర్రాణ్ణి పట్టుకుపోతుంటే 50 ఏళ్లు దాటిన ఒక మహిళ అడ్డొచ్చి ఎందుకు తీసుకెళ్తున్నారని అడిగింది. పూర్తి కవచంలో ఉన్న పోలీసు ఆమె కడుపులో బూటుతో తన్నాడు, ఆమె వెనక్కి పడి తల రోడ్డుకి కొట్టుకుంది, ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. తర్వాత అతను ఆస్పత్రికి పూలు పట్టుకెళ్లి క్షమాపణ చెప్పాడు. తన మీద గ్యాస్ పడిందని, హెల్మెట్ పలక ఆవిరి పట్టి ఏమీ కనబడలేదని చెప్పినట్టు వార్తలొచ్చాయి. అతని మీద క్రిమినల్ కేసు మాత్రం పెట్టలేదు.

అతను చెప్పింది నిజమే అనుకుందాం. పలక ఆవిరి పడుతుందని ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకి తెలియదా? చలికాలంలో, ఆయాసపడుతూ, గ్యాస్ మధ్య ఆ పలక మసకేస్తుందని ఆ హెల్మెట్ ఒక్క పూట పెట్టుకున్న ఎవరికైనా తెలుస్తుంది. కళ్లకి ఏమీ కనబడనప్పుడు కాలు ఎత్తకూడదని నేర్పాలి, ఆగమని నేర్పాలి. అది నేర్పని ట్రైనింగ్ ఎంత కఠినంగా ఉంటే మాత్రం ఏం లాభం?

చట్టం లేక కాదు ఇదంతా. 2011లో వచ్చిన రష్యా పోలీసు చట్టంలో చాలా స్పష్టంగా ఉంది. లాఠీతో తల మీద, మెడ మీద, కాలర్ ఎముకల మీద, కడుపు మీద, మర్మాంగాల మీద, గుండె ఉన్న చోట కొట్టకూడదు. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో వాటర్ కెనాన్ వాడకూడదు. బలం వాడే ముందు హెచ్చరించాలి, మాట వినడానికి అవకాశం ఇవ్వాలి. అనుమతి లేని సభైనా సరే, హింస లేకుండా, రాకపోకలకి అడ్డం లేకుండా జరుగుతుంటే ఈ సామాన్లేవీ బయటికి తియ్యకూడదు. కాగితం మీద ఇంత బాగుంది. 2019 జులై 27న మాస్కో నగర ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థుల్ని పోటీ చెయ్యనివ్వలేదని జనం వీధిలోకి వస్తే ఒక్క రోజులో 1,300 మందికి పైగా పట్టుకున్నారని అరెస్టుల లెక్క రాసే ఓవీడీ-ఇన్ఫో సంస్థ చెప్పింది. లాఠీలు ఎక్కడెక్కడ పడ్డాయో ఆ రోజు వీడియోల్లో ఉంది. ఎవరు కొట్టారో చెప్పాలంటే ముఖం కనబడాలి, లేదా హెల్మెట్ మీద నంబరైనా ఉండాలి. రెండూ లేవు. గ్యాంగు నాయకుడి ఇంటి మీదికి వెళ్లే సోబ్ర్ వాడికి ముసుగు అవసరమే, రేపు అతని పిల్లల్ని వెతుక్కుంటూ ఎవడైనా రావచ్చు. ప్లకార్డు పట్టుకున్న కాలేజీ పిల్లల ముందు ఆ ముసుగు దేనికి?

అసలు ప్రమాదం ఎక్కడుందంటే, ఈ దళాల్ని ఊళ్లో పోలీసులుగానూ వాడతారు, యుద్ధంలో సైనికులుగానూ వాడతారు. రష్యా నుంచి విడిపోవాలని పోరాడిన చెచెన్యా ప్రాంతంలో అదే జరిగింది. రష్యా నలుమూలల నుంచి ఓమోన్ దళాల్ని వంతులవారీగా అక్కడికి పంపేవాళ్లు. 2000 మార్చి 2న సెర్గీయెవ్ పొసాద్ ఓమోన్ వాళ్లు చెచెన్యా రాజధాని గ్రోజ్నీలో పొదొల్‌స్క్ ఓమోన్ దళాన్ని డ్యూటీ నుంచి దింపడానికి కాన్వాయ్‌లో వస్తున్నారు. వాళ్ల మీద కాల్పులు మొదలయ్యాయి, 20 మందికి పైగా చనిపోయారు. మిలిటెంట్లు మాటు వేశారని మొదట ప్రకటించారు. తీరా చూస్తే కాల్చింది సాటి పోలీసులే, ఎవరి స్థానంలోకి వీళ్లు వస్తున్నారో వాళ్లే. తుపాకులు బాగానే పనిచేశాయి, గురీ తప్పలేదు. ఎవరొస్తున్నారన్న కబురు మాత్రం సరిగా అందలేదు. పాతికేళ్లు దాటినా ఆ కుటుంబాల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

2022 ఫిబ్రవరిలో, ఉక్రెయిన్ యుద్ధంలో, పోలీసుల్ని సైనికులుగా వాడే అదే తప్పు మళ్లీ, ఇంకా పెద్దగా. సైబీరియాలోని కెమెరోవో ప్రాంతం నుంచి తీసుకెళ్లిన ఓమోన్, సోబ్ర్ కాన్వాయ్‌ని కీవ్ వైపు పంపితే యుద్ధం మొదలైన తొలి రోజుల్లోనే అది నాశనమైపోయింది. ఆ రోజుల్లో ఉక్రెయిన్ వాళ్లు స్వాధీనం చేసుకుని చూపించిన సామానులో ఏమున్నాయో తెలుసా, జనాన్ని నెట్టే షీల్డులు, లాఠీలు, హెల్మెట్లు. ఫిరంగులున్న సైన్యం మీదికి వీటితో మనుషుల్ని పంపారు. అదే సమయంలో క్రాస్నోదార్‌లో రోస్‌గ్వార్దియా వాళ్లు 12 మంది మేం రాం అని మొహం మీద చెప్పేశారు. మా పని దేశం లోపలే, మాకు విదేశీ పాస్‌పోర్టులు కూడా లేవు అన్నారు. ఉద్యోగం తీసేశారు. మీ కథనంలో ధైర్యం గురించి ఒక పేరా ఉంది కదా, అందులో వీళ్ల పేరు కూడా ఉండాల్సింది అని నా ఉద్దేశం.

ఆ తర్వాతైనా ఈ రెండు పనుల్ని విడదీశారా అంటే అదీ లేదు. 2023 జూన్‌లో వాగ్నర్ అనే ప్రైవేటు సైన్యం తిరుగుబాటు ముగిసిన మూడు రోజులకే, తమ దళాలకి ట్యాంకులు, భారీ ఆయుధాలు ఇస్తారని జోలొతోవ్ చెప్పారు. సభలు, స్టేడియంలు చూసుకోవడానికి పుట్టిన ఓమోన్ ఉన్న సంస్థ అది. ట్యాంకు నడపడం నేర్పడానికి కొన్ని నెలలు చాలు. అదే మనిషిని మర్నాడు వీధిలో అరుస్తున్న ముసలాయన ముందు చేతులు కట్టుకుని నిలబడమంటే దానికి వేరే ట్రైనింగ్ కావాలి, దానికి వేరే ఏళ్లు పడతాయి, దాన్ని ఇచ్చేవాళ్లు కూడా వేరే అయ్యుండాలి.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి కథనం మళ్లీ వేసినప్పుడు తుపాకుల పట్టిక పక్కనే ఆ పోలీసు చట్టంలో బలప్రయోగం గురించి ఉన్న ఐదో అధ్యాయాన్ని కూడా వేయండి. 18 నుంచి 24 దాకా ఏడే సెక్షన్లు, క్లుప్తంగా రాస్తే అరపేజీలో పడతాయి. ఏ సామాను ఎవరి మీద ఎప్పుడు వాడకూడదో అందులో రాసుంది. ఫొటో చూసే కుర్రాళ్లు అది కూడా చదవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు